జీటీకే యాప్ ఫోన్‌లో తెరిస్తే కుడివైపు బటన్లు కనిపించట్లేదు

కిరాణాకోడ్
మా నాన్నగారి కొట్టు లెక్కల కోసం నాలుగేళ్ల కిందట పైథాన్‌లో, జీటీకే 3 (లినక్స్‌లో విండోలు, బటన్లు గీసే లైబ్రరీ) మీద చిన్న యాప్ రాశాను. ల్యాప్‌టాప్‌లో ఏ ఇబ్బందీ లేదు. మొన్న పాత పైన్‌ఫోన్ (లినక్స్‌తో నడిచే ఫోన్) ఒకటి చేతికొస్తే పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అనే లినక్స్, దాని మీద ఫాష్ అనే ఫోన్ ఇంటర్‌ఫేస్ వేసి అందులో తెరిచాను. తెరుచుకుంది గానీ కుడివైపు మూడో వంతు తెర బయటికి పోయింది. ‘భద్రపరచు’ బటన్ సరిగ్గా అక్కడే ఉంది. ఫోన్ అడ్డంగా తిప్పితే బటన్ కనిపిస్తుంది, కానీ కీబోర్డ్ లేచి సగం తెర మింగేస్తుంది. తిరగరాయడం తప్పదా?

రాత్రిబిల్డ్
పైన్‌ఫోన్ తెర 720×1440 కదా, ఫాష్ దాన్ని రెండింతల స్కేల్‌లో చూపిస్తుంది. అంటే నీ విండోకి దక్కే వెడల్పు 360. విండోలో ఏ ఒక్క విడ్జెట్ (బటన్, లేబుల్ లాంటి భాగం) అయినా ‘నాకు కనీసం ఇంత కావాలి’ అని పట్టుబడితే విండో అంతకంటే తగ్గదు, మిగిలింది తెర అవతల పడుతుంది. ఫాష్ మొబైల్ సెట్టింగ్స్‌లో ‘స్కేల్ టు ఫిట్’ ఉంది, యాప్ మొత్తాన్ని కుదించి చూపిస్తుంది. ఈ రోజుకి పని నడుస్తుంది. అక్షరాలు మాత్రం చీమల్లా ఉంటాయి, మీ నాన్నగారు తిడతారు.

పాతనోకియా
ఈ బాధ నాకు 2007 నుంచీ తెలుసు. నోకియా ఎన్810 అనే చిన్న టాబ్లెట్ కోసం ఒక డిక్షనరీ యాప్‌ని హిల్డన్‌కి (జీటీకే మీద కట్టిన దాని ఇంటర్‌ఫేస్) తెచ్చాను. అప్పటి తెర 800×480, ర్యామ్ 128 ఎంబీ. కాగితం మీద పోర్టింగ్ చాలా తేలిక: జీటీకే విండో బదులు హిల్డన్ విండో పెట్టు, మెనూబార్‌లోని అంశాలను మామూలు జీటీకే మెనూలోకి మార్చి విండోకి అప్పగించు, స్క్రాచ్‌బాక్స్‌లో (పీసీ మీదే ఆ పరికరం కోసం కంపైల్ చేసే సాధనం) కంపైల్ కొట్టు. ఒక పూట పని.

తీరా చూస్తే ఐకాన్ నొక్కగానే యాప్ తెరుచుకునేది, కొన్ని సెకన్లకి దానంతటదే మూసుకుపోయేది. టెర్మినల్ నుంచి నడిపితే ఏ గొడవా లేదు. రెండు రాత్రులు మెమరీ లీక్ అనుకుని వెతికాను. అసలు సంగతి ఏంటంటే, డెస్క్‌టాప్ ఫైల్‌లో సర్వీస్ పేరు రాశాను గానీ యాప్ లోపల లిబ్‌ఓఎస్‌ఎస్‌ఓ (సిస్టమ్‌తో యాప్‌ని కలిపే లైబ్రరీ) మొదలుపెట్టలేదు. డీ-బస్‌లో (యాప్‌లు, సిస్టమ్ మాట్లాడుకునే దారి) పేరు నమోదు కాకపోయేసరికి, యాప్ లేవలేదనుకుని సిస్టమే చంపేసేది. ఒక్క లైన్!

తర్వాత 2009లో ఎన్900 వచ్చింది. అదే 800×480, కానీ 3.5 అంగుళాల్లో. స్టైలస్ బదులు వేలే ముఖ్యమైంది. అప్పుడు అర్థమైంది, విడ్జెట్లు మార్చడం కాదు అసలు పని, ఏ బటన్ తీసేయాలో తేల్చుకోవడం. నా టూల్‌బార్‌లో తొమ్మిది ఐకాన్లుండేవి, మూడు మిగిలాయి. మిగతా ఆరింటి కోసం ఎవరూ అడగలేదు. (2010 ఫిబ్రవరిలో మీగో అనే కొత్త ఓఎస్ ప్రకటించి, జీటీకే బదులు క్యూటీ అనే వేరే లైబ్రరీ అన్నారు. ఆ కథ వేరే. ఆ పాత నోకియా ఓఎస్‌ని కొనసాగిస్తున్న మేమో లెస్టే వాళ్లు హిల్డన్‌ని ఇంకా బతికిస్తున్నారు, అది వేరే సంతోషం.)

నీలిపెంగ్విన్
జీటీకే 3 మీద ఇంకా ఎందుకు కష్టపడటం? నేరుగా జీటీకే 4కి, దాని మీద నడిచే లిబ్‌అద్వైతా అనే విడ్జెట్ల లైబ్రరీకి వెళ్లు. లిబ్‌అద్వైతా 1.4 నుంచి బ్రేక్‌పాయింట్లు ఉన్నాయి, వెడల్పు ఇంతకన్నా తగ్గితే పక్క పట్టీని మడిచెయ్ అని చెప్పొచ్చు.

రాత్రిబిల్డ్
@నీలిపెంగ్విన్ చెప్పడం తేలికే బ్రో. జీటీకే 4లో డైలాగ్ రన్ లేదు, కంటైనర్ యాడ్ లేదు, పాత జీటీకే మెనూ లేదు. ‘తొలగించాలా?’ అని అడిగి జవాబొచ్చేదాకా ఆగే కోడ్ ప్రతిదీ కాల్‌బ్యాక్‌గా (జవాబొచ్చాక విడిగా నడిచే ఫంక్షన్) తిప్పి రాయాలి. ముందు జీటీకే 3లోనే 360కి కుదించు, కావాలంటే లిబ్‌హ్యాండీ (జీటీకే 3కి ఫోన్ తెరకి ఒదిగే విడ్జెట్లిచ్చే లైబ్రరీ) కలుపు. ఆ తర్వాత 4 సంగతి.

@కిరాణాకోడ్ జీటీకే ఇన్‌స్పెక్టర్‌తో (నడుస్తున్న యాప్‌లోని విడ్జెట్లను చూపించి మార్చనిచ్చే సాధనం) నడిపి, విడ్జెట్లను ఒక్కొక్కటిగా ‘విజిబుల్’ తీసేస్తూ విండోని లాగి చూడు. ఏది తీశాక విండో చటుక్కున సన్నబడుతుందో అదే దొంగ.

కిరాణాకోడ్
దొరికింది అన్నా, దొంగ తెలుగులో ఉన్నాడు! కింద నాలుగు బటన్లు ఒకే వరుసలో, అన్నీ సమాన వెడల్పు అని పెట్టాను. ఇంగ్లీష్‌లో ‘డ్యూస్’ అని ఉన్నంతకాలం బాగానే ఉంది. నాన్న కోసం ‘చెల్లించవలసిన బకాయిలు’ అని మార్చాను. ఆ ఒక్క బటన్‌కి ఎంత కావాలో మిగతా మూడూ అంతే తీసుకున్నాయి.

లేబుల్‌కి వ్రాప్ (పట్టని మాటల్ని కింది లైన్‌కి విరవడం) పెట్టినా తగ్గలేదు. వ్రాప్ పదాల మధ్యే విరుస్తుంది కాబట్టి ‘చెల్లించవలసిన’ అనే పదం ఎంత పొడవో అంత అడుగుతుంది. మన భాషలో ఒక్క పదమే వాక్యమంత ఉంటుంది కదా. చివరికి ‘బాకీలు’ అని రాశాను. కొట్టులో నాన్న అనే మాట కూడా అదే.

ఇంకోటి, జాబితాలో వరుస ఎత్తు 24 అని నేనే రాసిపెట్టాను. ‘స్త్రీ’, ‘క్ష్మి’ లాంటి చోట్ల వత్తులు తెగిపోతున్నాయి. ఆ అంకె తీసేశాక సరిపోయింది.

ఇప్పుడు 360లో పడుతోంది. కానీ వరుస మీద కుడి క్లిక్ చేస్తే వచ్చే ‘తొలగించు’ మెనూ ఫోన్‌లో ఎలా రప్పించాలి?

రాత్రిబిల్డ్
లాంగ్ ప్రెస్ జెశ్చర్, అంటే వేలు నొక్కిపట్టడం. జీటీకే 3లోనే ఉంది.

కిరాణాకోడ్
పెట్టాను. మెనూ వస్తోంది. వెంకట్రావు గారి వరుస మీద వేలు పెట్టి ‘తొలగించు’ నొక్కితే కింద వరుసలోని సుబ్బమ్మ గారి బాకీ పోయింది. నాన్న చూడలేదు, బ్యాకప్ ఉంది.

పాతనోకియా
ఆ జాబితా ట్రీవ్యూనా (జీటీకేలో పట్టికలు చూపే విడ్జెట్)? జెశ్చర్ ఇచ్చే వై విలువలో పైనున్న హెడర్ ఎత్తు కూడా కలిసి ఉంటుంది. నువ్వు దాన్ని అలాగే తీసుకుని వరుస వెతుకుతున్నావు, అందుకే ఒక వరుస కిందికి పోతోంది. ముందు దాన్ని బిన్ విండో (హెడర్ కాకుండా వరుసలుండే భాగం) కోఆర్డినేట్లలోకి మార్చు, ట్రీవ్యూలోనే దానికి ఫంక్షన్ ఉంది. సుబ్బమ్మ గారి బాకీ మాత్రం ముందు వెనక్కి పెట్టు నాయనా.

కిరాణాకోడ్
పెట్టేశాను. 340 రూపాయలు.