అప్‌డేట్: పుల్లకు గుచ్చిన పండ్లకు పంచదార పూత ఇప్పుడు గాజులా వస్తోంది

"కొరికితే పూత పంటికి అంటుకుని సాగుతోంది, విరగట్లేదు" అని అడిగాను కదండీ. ముదురు పాకం పట్టమన్న మీ సలహానే కరెక్టు. తీగపాకం అస్సలు చాలదు, 150 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లాలి. థర్మామీటర్ లేకపోతే చన్నీళ్లలో చుక్క వేసి చూడండి: టక్కున విరగాలి, వంగితే ఇంకా ఉడకాలి.

కొలత 2 కప్పుల పంచదారకు 1 కప్పు నీళ్లు. పొంగాక గరిటె పెట్టకూడదు, పెడితే మళ్లీ పలుకు కడుతుంది. ద్రాక్ష తడిగా ఉంటే పూత జారుతుంది. తొడిమ గుంటలో దాక్కునే చుక్కని కూడా గుడ్డతో అద్దాలి. కోసిన పుచ్చకాయ మాత్రం వద్దు, రసం ఊరి పూతను లోపల్నుంచి కరిగించేస్తుంది.

మన బెజవాడ ఉక్కకి పూత త్వరగా చెమ్మగిల్లుతుంది. గట్టిపడగానే తినేయాలి, ఫ్రిజ్‌లో దాచొద్దు. అందరికీ థాంక్సండీ!