కావ్యశాస్త్రవినోదేన: కళకీ వినోదానికీ పడదా?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. ఈ కాలపు జీవితంలో కళకీ, ఉత్త ఎంటర్‌టైన్‌మెంట్‌కీ ఉన్న తేడా గురించిన వ్యాసం ఒకటి అనువదిస్తున్నాను. శీర్షిక ‘కళ – వినోదం’ అని పెట్టాను. చూసినవాళ్లు ‘వినోదం’ తీసేసి ‘కాలక్షేపం’ అనమంటున్నారు. ఏది సరి? ‘కావ్యశాస్త్రవినోదేన’ శ్లోకంలో వినోదం మంచి మాటలాగే వినిపిస్తోంది. అలాంటప్పుడు దాన్ని కళకి ఎదురుగా నిలబెట్టవచ్చా? మాస్టారు చెబితే బాగుంటుంది.

జవాబు:

అమ్మా, సరైన శ్లోకమే పట్టుకున్నారు. మొత్తం ఒకసారి రాస్తాను, అందరికీ కళ్లముందు ఉంటుంది.

కావ్యశాస్త్రవినోదేన కాలో గచ్ఛతి ధీమతామ్
వ్యసనేన చ మూర్ఖాణాం నిద్రయా కలహేన వా

హితోపదేశంలోది. బుద్ధిమంతులకి కావ్యశాస్త్రాల వినోదంతో కాలం గడుస్తుంది, మూర్ఖులకి వ్యసనంతోనో నిద్రతోనో తగవుతోనో గడుస్తుంది. బళ్లో ఈ అర్థం అప్పజెప్పేసి ముందుకి వెళ్లిపోయాం. ఇప్పుడు విభక్తుల దగ్గర కాసేపు ఆగండి. కర్త ఒక్కటే, కాలం. క్రియ ఒక్కటే, గచ్ఛతి. ధీమంతుడికీ మూర్ఖుడికీ కాలం ఒకే నడకన పోతోంది. తేడా అంతా తృతీయలో ఉంది: వినోదేన, వ్యసనేన, నిద్రయా, కలహేన. దేనితో పోతోంది అన్నదొక్కటే శ్లోకం అడుగుతోంది.

ఇక మీ శీర్షిక చూడండి. మీరు కళని ఈ గట్టునా వినోదాన్ని ఆ గట్టునా పెట్టారు. శ్లోకం అలా పెట్టలేదు. కావ్యం వినోదంతో ఒకే సమాసంలో కూర్చుంది. శాస్త్రం కూడా అక్కడే ఉంది. తర్కం, వ్యాకరణం లాంటి ఇనుప గుగ్గిళ్లు కూడా వినోదమే అన్నాడు ఆ కవి! అవతలి గట్టున ఉన్నది వ్యసనం.

ధాతువుల్లోకి వెళ్తే ఇంకా బాగుంటుంది. వినోదం అంటే వి + నుద్. నుద్ అంటే తోయడం, నెట్టడం. కాలక్షేపంలో ఉన్నది క్షిప్, అంటే విసరడం. వ్యసనం వి + అస్. ఇది ‘ఉండు’ అనే అస్ కాదు, ‘విసురు’ అనే అస్. అస్త్రం అన్న మాట దీన్నుంచే వచ్చింది. మూడు మాటల్లోనూ ఏదో ఒకటి విసిరేస్తున్నాం. ఏం విసిరేస్తున్నాం? వినోదంలో మనసు మీది బరువుని తోసేస్తాం. కాలక్షేపంలో కాలాన్ని గడిపేస్తాం. వ్యసనంలో మనిషే చెదిరిపోతాడు. ఈ చివరిది నేను చదువుకున్న తీరు, కానీ గాల్లోంచి తీసింది కాదు. అమరకోశం వ్యసనానికి ‘విపది, భ్రంశే’ అని ఆపదనీ జారిపోవడాన్నీ అర్థాలుగా ఇచ్చింది.

వినోదం అంటే నవ్వులూ కేరింతలూ అనుకోవడం మనకి ఈమధ్య అలవాటైంది. మేఘదూతంలో ఈ మాట ఎక్కడ పడిందో చూస్తే ఆ అలవాటు పోతుంది. యక్షుడు తన భార్య ఇప్పుడు ఏం చేస్తుంటుందో మేఘానికి ఊహించి చెబుతున్నాడు. విరహంతో చిక్కిపోయిన యక్షుడి రూపాన్ని మనసులో ఊహించుకుని బొమ్మ గీస్తుంటుందట. వీణ ఒడిలో పెట్టుకుని అతని పేరున్న పాట పాడబోతుందట. కన్నీళ్లకి తీగలు తడుస్తాయి. ఎలాగో తుడుచుకుని మళ్లీ మొదలుపెడుతుంది. అంతలో తను కట్టిన మూర్ఛనే, అంటే స్వరాల వరసే, తనకి గుర్తురాదు, మళ్లీ మళ్లీ మరిచిపోతుంది. ‘స్వయమపి కృతాం మూర్ఛనాం విస్మరంతీ’. గడప మీద పెట్టిన పూలని నేల మీద పేర్చి, ఇంకా ఎన్ని నెలలు మిగిలాయో లెక్కపెడుతుంది. ఇవన్నీ చెప్పి కాళిదాసు అన్న మాట ఇది: ‘ప్రాయేణైతే రమణవిరహేష్వంగనానాం వినోదాః’. విరహంలో ఆడవాళ్ల వినోదాలు సాధారణంగా ఇవేనట.

తడిసిన వీణ తీగ వినోదం! ఈ పంక్తి చదివాక నాకు వినోదం అన్న మాటని తక్కువ చేయడానికి మనసు రాలేదు.

నా సంగతి ఒకటి చెబుతాను. మా అమ్మ పోయిన నెలంతా రాత్రుళ్లు నిద్ర పట్టక ఫోన్ చూస్తూ ఉండేవాణ్ని. వీడియో తర్వాత వీడియో, బొటనవేలు పైకి తోస్తూనే ఉండేది. రెండో మూడో అయ్యేది. పక్కన పెట్టగానే, దుఃఖం ఏ మాత్రం కదలకుండా పెట్టినచోటే ఉండేది. ఒక మధ్యాహ్నం అమ్మ పాటల నోట్‌బుక్ దొరికింది. పెన్సిల్‌తో రాసుకుంది, అక్షరాలు చెరిగిపోతున్నాయి. వేరే పుస్తకంలోకి ఎక్కిద్దామని కూర్చున్నాను. ఒక చోట ‘రావా’ దగ్గర ఆవిడ దీర్ఘం మూడుసార్లు దిద్దుకుని ఉంది, కాయితం అక్కడ పలచబడింది. ఎంత సేపు లాగాలో తనకి తాను గుర్తు పెట్టుకుంది కాబోలు. ఆ దీర్ఘం నేనూ పాడి చూసుకున్నాను, గొంతు పట్టేసింది. ఆ రోజు నాలుగు పాటలే రాశాను, రాత్రి నిద్రపోయాను. ఫోన్‌తో గడిచిందీ కాలమే, నోట్‌బుక్‌తో గడిచిందీ కాలమే. నుద్ ధాతువు పని చేసింది మాత్రం నోట్‌బుక్ దగ్గరే.

మరొకరి ప్రశ్న:

మాస్టారూ, ఒక సందేహం. మనుస్మృతి కామం వల్ల పుట్టే పది వ్యసనాల్లో ‘తౌర్యత్రికం’ కూడా లెక్కపెట్టింది. అంటే నృత్యం, పాట, వాద్యం. మరి కళలు వినోదం గట్టునే ఉన్నాయని ఎలా అంటాం? అలాగే నవ్వించేదంతా తక్కువ రకమా?

జవాబు:

బాగా గుర్తుచేశారు. ఏడో అధ్యాయంలో వేట, పాచికలు, పగటినిద్ర, పరనింద వగైరాలతో పాటు అదీ ఉంది. అది నా మాటకి అడ్డు రాదు, బలమే ఇస్తుంది. ఒకే వీణ ఒకరి దగ్గర వినోదం, ఇంకొకరి దగ్గర వ్యసనం. ఫలానా ప్రక్రియ కళ, ఫలానాది కాదు అని వస్తువు మీద చీటీ అంటించి తప్పుకోలేం. శాస్త్రీయ సంగీతం వెనకాల మోగుతుండగా దాన్ని వినకుండా గంటలు గడిపేసేవాళ్లూ ఉన్నారు. ఒక్క చిన్న హాస్యపు ముక్కకి నవ్వి, ఆ నవ్వులో తమని తాము చూసుకుని ఆగిపోయేవాళ్లూ ఉన్నారు.

నవ్వు తక్కువది కానే కాదు. భరతముని నాట్యశాస్త్రంలో చెప్పిన ఎనిమిది రసాల్లో హాస్యం ఒకటి. నాట్యశాస్త్రం మొదట్లోనే దేవతలు బ్రహ్మని అడిగింది ఏమిటి? ‘క్రీడనీయకమిచ్ఛామో దృశ్యం శ్రవ్యం చ యద్భవేత్’. చూడ్డానికీ వినడానికీ వీలుండే ఆటవస్తువు కావాలన్నారు. ఆటవస్తువు! బ్రహ్మ కోప్పడలేదు, నాట్యవేదం ఇచ్చాడు. దుఃఖంతో, శ్రమతో, శోకంతో ఉన్నవాళ్లకి అది విశ్రాంతి కలిగిస్తుందని కూడా అదే అధ్యాయం చెబుతుంది. మన సంప్రదాయంలో కళ పుట్టుకే వినోదం అడగడంలోంచి వచ్చింది. గంభీరంగా ఉంటేనే కళ అనే మాట నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

మళ్లీ మొదటి ప్రశ్న:

మరి చిక్కంతా ఎంటర్‌టైన్‌మెంట్‌కి వినోదం అని అనువదించడంలోనే ఉందా మాస్టారూ?

జవాబు:

చాలావరకు అక్కడే ఉందమ్మా. ఆ ఇంగ్లీషు మాట ఫ్రెంచి మీదుగా వచ్చింది. దాని లాటిన్ ముక్కలు విప్పితే ‘నడుమ’, ‘పట్టుకొను’ అని వస్తాయి. వాళ్ల మాట పట్టి ఉంచేది, మన మాట తోసి వదిలేది. రెండూ ఎదురెదురు దిక్కులకి నడుస్తున్నాయి. వ్యుత్పత్తిని బట్టి మాట విలువ కట్టకూడదని నాకూ తెలుసు. ఇంగ్లీషులో ఆ మాట చాలా కాలం అతిథిని ఆదరించడం అనే గౌరవమైన పనే చేసింది. కానీ ఇవాళ ఫోన్‌లో జరుగుతున్నది చూస్తే ఆ పాత ముక్కే మళ్లీ పైకి తేలింది. ఒకటి అయ్యేలోపు ఇంకొకటి తనంత తానే మొదలవుతుంది, అడుగు అనేది లేకుండా జాబితా కిందకి దిగుతూనే ఉంటుంది. అది మనల్ని పట్టుకుని ఉండడానికే కట్టిన ఏర్పాటు. పద్యానికి నాలుగో పాదం ఉంది. కీర్తన చరణం అయ్యాక పల్లవికి వచ్చి ఆగుతుంది. నాటకానికి తెర పడుతుంది. అక్కడితో మనల్ని మన బతుకులోకి వదిలేస్తాయి. నేను పెట్టుకున్న కొలత ఇదే: అయిపోయాక నన్ను వదిలిందా, పట్టుకునే ఉందా.

ఇక ‘కాలక్షేపం’. దాన్ని తక్కువ మాటగా వాడమన్నవాళ్లు ఒకసారి ‘హరికథా కాలక్షేపం’ తలుచుకోవాలి. శ్రీవైష్ణవుల్లో గురువు దగ్గర కూర్చుని గ్రంథాన్ని పంక్తి పంక్తిగా పాఠం చెప్పించుకోవడాన్ని కాలక్షేపం అనే అంటారు. అంతకన్నా గట్టి చదువు ఇంకోటి లేదు, దాని పేరు కాలక్షేపం! ఈ మాటని ‘టైమ్‌పాస్’ స్థాయికి దించింది మన వాడుకే. మనకి అచ్చంగా ‘పొద్దు పోవడం’, ‘పొద్దు పుచ్చడం’ అని రెండు ఉన్నాయి. మొదటిదాంట్లో పొద్దు దానంతట అదే పోతుంది, రెండోదాంట్లో మనం పంపిస్తాం. పుచ్చు అంటే పాత తెలుగులో పంపడమే. ‘ఊసుపోక’ ఉండనే ఉంది, అందులో పాపం ఎవరి మీదా నింద లేదు.

మీ శీర్షిక మాటకి వస్తే, మీ మొదటి ప్రశ్నలోనే జవాబు ఉంది. ‘ఉత్త ఎంటర్‌టైన్‌మెంట్’ అని రాశారు చూడండి. ఆ ‘ఉత్త’ వదలకండి. ఉత్త చేతులు, ఉత్త మాటలు, ఉత్త పుణ్యానికి... లోపల ఏమీ లేదని చెప్పడానికి దానికి మించిన మాట లేదు. ‘కళ, ఉత్త కాలక్షేపం’ అంటే కాలక్షేపానికీ అన్యాయం జరగదు, ఎందుకంటే ఉత్తది కాని కాలక్షేపం కూడా ఉందని ఆ విశేషణమే ఒప్పుకుంటోంది. వినోదాన్ని మాత్రం కళ పక్కనే ఉండనివ్వండి.

మళ్లీ మొదటి ప్రశ్న:

మార్చేశాను మాస్టారూ. లోపల పదకొండు చోట్ల ‘వినోదం’ ఉంది. అన్నిటికీ ‘ఉత్త కాలక్షేపం’ పెట్టేయనా?

జవాబు:

వద్దమ్మా, ఒక్కొక్కటీ మూలంతో సరిచూడండి. మూలంలో రచయిత మెచ్చుకుంటున్న చోట వినోదమే ఉంచండి. పట్టి ఉంచడం గురించి తిడుతున్న చోట ‘వ్యసనం’ సరిపోతుందేమో చూడండి. మిగిలినవి ఇక్కడ పెట్టండి, వాక్యం వాక్యంగా చూద్దాం.