అప్‌డేట్: గడియారం చిప్ మౌనానికి కారణం బ్యాటరీయే

కరెంటు ఉన్నప్పటికీ డీఎస్1307 గడియారం చిప్ మైక్రోకంట్రోలర్‌కు (దాని నుంచి సమయం చదివే చిన్న కంప్యూటర్ చిప్‌కు) ఎందుకు బదులివ్వడం లేదని గతవారం అడిగాను. సరఫరా వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీకి 1.25 రెట్ల కంటే తగ్గితే, కరెంటు పోతున్నదని భావించి, తప్పుడు సమాచారం లోపలికి చేరకుండా ఈ చిప్ చదవడాన్నీ రాయడాన్నీ నిలిపివేస్తుంది. గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది. నా మాడ్యూల్‌లోని (ఈ చిప్ అమర్చిన చిన్న బోర్డులోని) రీఛార్జబుల్ బ్యాటరీ 4.1 వోల్టులు చూపింది, అంటే కనీసం 5.125 వోల్టుల సరఫరా కావాలి, నాకు అందుతున్నది 4.6 మాత్రమే. పైగా ఈ చిప్‌కు 3.5 వోల్టులకు మించిన బ్యాటరీ పెట్టకూడదు. ఛార్జింగ్ సర్క్యూట్‌ను తొలగించి (ఇది తప్పనిసరి, ఎందుకంటే రీఛార్జ్ చేయలేని నాణెం ఆకారపు బ్యాటరీ సీఆర్2032ను ఛార్జ్ చేయడం ప్రమాదకరం) 3 వోల్టుల సీఆర్2032 అమర్చాను. పరిమితి 3.75కు దిగింది, చిప్ వెంటనే బదులిచ్చింది. ఓపికగా వోల్టేజీలు కొలవమన్న వారందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.