టిజువానా క్రాఫ్ట్ బీర్: పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చా?

ఇర్వైన్_బాబు:
లాంగ్ వీకెండ్‌కి డాలస్ నుంచి మా బావ వస్తున్నాడు. మనిషికి బీర్ పిచ్చి. శాన్‌డియేగో బ్రూవరీలు పోయినసారే చుట్టేశాడు, ఈసారి బోర్డర్ దాటి, పక్కనే మెక్సికోలో ఉన్న టిజువానాకి వెళ్దాం అంటున్నాడు. ఆయనది గ్రీన్‌కార్డ్. నాది హెచ్‌1బీ, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపింగ్ మార్చిలో ఎక్స్‌పైర్ అయింది కానీ కొత్త 797 (హెచ్‌1బీ ఆమోద పత్రం), ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ఉన్నాయి. 30 రోజుల్లోపు మెక్సికో వెళ్ళొస్తే పాత స్టాంప్‌తోనే రానిస్తారని ఆఫీసులో ఒకతను చెప్పాడు. నిజమేనా? కారు తీసుకెళ్ళాలా, నడిచి దాటాలా? మా ఆవిడ కూడా వస్తానంటోంది. తను ప్యూర్ వెజ్.

శాన్‌డియేగో_పంతులు:
మీ ఆఫీసాయన చెప్పింది అబద్ధం కాదు, సగం నిజం. దాన్ని ఆటోమేటిక్ వీసా రీవ్యాలిడేషన్ అంటారు. అది అమెరికాలోకి తిరిగి రావడానికి. ముందు మెక్సికో వాళ్ళు లోపలికి రానివ్వాలి కదా! ఇండియన్ పాస్‌పోర్ట్‌తో మెక్సికో వీసా లేకుండా వెళ్ళాలంటే అమెరికా వీసా వ్యాలిడ్‌గా ఉండాలి, లేదా గ్రీన్‌కార్డ్ ఉండాలి. ఎక్స్‌పైర్ అయిన స్టాంప్ పక్కన 797 పెట్టి చూపిస్తే కుదరదు. మీరు వెళ్ళాలంటే ముందు మెక్సికో కాన్సులేట్‌లో వీసా తీసుకోవాలి. మీ బావకి ఏ టెన్షనూ లేదు.

కారు మాత్రం వద్దు. అమెరికా ఇన్సూరెన్స్ అక్కడ చెల్లదు, మెక్సికో పాలసీ వేరే కొనాలి. తాగి నడపడం ఎలాగూ కుదరదు. పైగా వచ్చేటప్పుడు కార్ల లైన్‌లో గంటలు పోతాయి. డౌన్‌టౌన్‌లో బ్లూ లైన్ ట్రాలీ రైలు ఎక్కితే ఆఖరి స్టాప్ శాన్ యిసిడ్రో, దిగితే ఎదురుగా బోర్డరే. కారులో అక్కడిదాకా వచ్చి పార్క్ చేస్తానంటారా, ఐ-5 మీద ‘లాస్ట్ యూఎస్‌ఏ ఎగ్జిట్’ బోర్డు కనపడగానే దిగిపోండి. అది దాటితే యూ-టర్న్ లేదు, నేరుగా మెక్సికోలో తేలతారు. స్టాంప్ లేని మీరు డ్రైవర్ అయితే ఇక చూసుకోండి.

బీర్ సంగతి. టిజువానా మెయిన్ వీధి అవెనిదా రెవల్యూసియోన్‌లో చారలు పూసి జీబ్రాల్లా నిలబెట్టిన గాడిదలు కనిపిస్తాయి. పాత నలుపు-తెలుపు ఫొటోల్లో తెల్ల గాడిద సరిగ్గా పడేది కాదని మొదలైన వేషం. ఫొటో దిగి ముందుకెళ్ళండి. నాకు నచ్చేది నార్టే బ్రూయింగ్. అది ఒక పార్కింగ్ గరాజ్ పైన ఉంటుంది. కింద నుంచి చూస్తే ఇక్కడ బార్ ఏముంటుందిలే అనిపిస్తుంది. పైకెళ్తే కిటికీల్లోంచి వీధంతా కనిపిస్తుంది. తర్వాత ఉబర్‌లో జోనా రియోలోని ప్లాజా ఫియెస్తాకి వెళ్తే, ఒకే ఆవరణలో చాలా బ్రూవరీల టేస్టింగ్ రూములు. టిజువానా బ్రూవరీ ఇన్సుర్హెంతె వాళ్ళ లా లుపులోసా ఐపీఏ (హాప్స్ అనే చేదు పూలు బాగా వేసే బీర్) తప్పకుండా తాగించండి. బావగారు శాన్‌డియేగో వైపు స్టోన్ బ్రూవరీ వాళ్ళ షోకోవేసా తాగే ఉంటారు. చాక్లెట్, కాఫీ, మిరపకాయ, దాల్చినచెక్క వేసే ఆ నల్లటి స్టౌట్ బీర్‌ని 2014లో స్టోన్‌తో కలిసి చేసింది ఈ ఇన్సుర్హెంతే.

బిల్లు చూసి మెక్సికోలో ఇంత రేటా అనకండి. అక్కడ బీర్ మీద ఎక్సైజు 26.5 శాతం, అదీ లీటరు లెక్కన కాదు, ధర మీద. ఖరీదైన హాప్స్ వేసేవాడికే ఎక్కువ వాత. 2013 దాకా ఇంకో తలనొప్పి కూడా ఉండేది. రెండు పెద్ద కంపెనీలు బార్లతో తమ బీరే అమ్మాలని ఒప్పందాలు రాయించుకునేవి. కాంపిటీషన్ కమిషన్ వాటికి పరిమితి పెట్టాక చిన్నవాళ్ళకి కాస్త ఊపిరాడింది.

ఎన్సెనాడా_ఫ్యాన్:
పంతులుగారూ, టిజువానాతోనే ఆపేస్తే ఎలా? అసలు మజా ఇంకా దక్షిణాన, సముద్రం ఒడ్డున ఉన్న ఎన్సెనాడాలో. వెండ్‌లాండ్ట్, అగ్వా మాలా బ్రూవరీలు రెండూ అక్కడివే. సముద్రం పక్కన కూర్చుని వెండ్‌లాండ్ట్ వాళ్ళ పెర్రో దెల్ మార్ ఐపీఏ తాగుతుంటే ఆ లెక్కే వేరు.

శాన్‌డియేగో_పంతులు:
ఒప్పుకుంటాను, కానీ అది రాత్రి ఉండొచ్చేవాళ్ళకి. ఒక్కరోజులో వెళ్ళొస్తే బీరు కంటే రోడ్డే ఎక్కువ.

చులావిస్టా_సుజాత:
వెజ్ గురించి ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా. బీన్స్ చూసి వెజ్ అనుకోవద్దండి, చాలాచోట్ల పంది కొవ్వులో వేయిస్తారు. ‘సిన్ మాంతెకా’ (కొవ్వు లేకుండా) అని అడగాలి. కేసదీయా (చీజ్ పెట్టి కాల్చిన రొట్టె), నోపాల్ టాకో దొరుకుతాయి. నోపాల్ అంటే మన నాగజెముడు మట్టలే, ముళ్ళు తీసి కాలుస్తారు. బెండకాయలా కాస్త జిగురు, కాస్త పులుపు. నాకిష్టం. సీజర్ సలాడ్ 1924లో టిజువానాలోనే పుట్టింది కాబట్టి అందరూ అక్కడి సీజర్స్ రెస్టారెంట్‌కి వెళ్ళమంటారు. టేబుల్ దగ్గరే చెక్క గిన్నెలో కలిపి ఇస్తారు, చూడ్డానికి బాగుంటుంది. కానీ అందులో ఆంచోవీ చేప, గుడ్డు సొన రెండూ పడతాయి. పేరులో సలాడ్ ఉందని మీ ఆవిడ మోసపోకూడదు. ఇంకో మాట, వేప్ (ఈ-సిగరెట్) జేబులో ఉంటే ఇంట్లో పెట్టేసి రండి, మెక్సికోలోకి తేవడం నిషేధం. గంజాయి గమ్మీలు కాలిఫోర్నియాలో ఓకే కానీ బోర్డర్‌లో కాదు.

ఇర్వైన్_బాబు:
అందరికీ థ్యాంక్స్. మా ఆవిడ పోయిన ఏడాది హైదరాబాద్‌లో స్టాంపింగ్ చేయించుకుంది, ఆవిడది ఇంకా వ్యాలిడే. అంటే తాగని మనిషి వెళ్ళొచ్చు, నేను ట్రాలీ స్టేషన్‌లో కూర్చోవాలి! వచ్చేటప్పుడు నాకోసం క్యాన్లు తెమ్మంటే ఎన్ని తేవచ్చు?

శాన్‌డియేగో_పంతులు:
21 నిండినవాళ్ళకి మనిషికి ఒక లీటరు. అంటే 355 మి.లీ. క్యాన్లు రెండు. మూడోది పెడితే 1,065 అవుతుంది, లెక్క తప్పుతుంది. మీ ఆవిడ వాటా ఎలాగూ ఖాళీయే కాబట్టి నాలుగు వస్తాయి, బావ దారిలో తాగకపోతే.