కుక్కకు భూకంపం ముందే తెలుస్తుందా?

ఓరుగల్లు చిన్నోడు:
2024 డిసెంబర్ 4న పొద్దున 7:27కి ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది కదా. హనుమకొండలో మా వంటింటి అరలో స్టీలు గ్లాసులు టకటకా కొట్టుకున్నాయి. దానికి కాసేపటి ముందే మా రాజుగాడు గొలుసు తెంపుకునేంతగా గింజుకుంటూ ఒకటే అరుపులు. గిన్నెలో పెట్టిన పెరుగన్నం మూతి పెట్టి చూడలేదు. ముందు రాత్రి అమ్మకూ నిద్ర లేదు, మనసు కీడు శంకిస్తోందని అంటూనే ఉంది. ఇదంతా ఉత్తదేనంటారా?

సందేహాల సీతయ్య:
తమ్ముడూ, కాసేపంటే ఎంత? గంటా, అరనిమిషమా? అసలు పేచీ అక్కడే. భూమి కదిలిన చోటి నుంచి ముందుగా వచ్చే సన్నటి అదురును పి తరంగాలంటారు, సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగం. ఇల్లు ఊపేసే ఎస్ తరంగాలది 3.5 దాకా. ములుగు అడవి నుంచి హనుమకొండకు వచ్చేసరికి రెంటికీ పది సెకన్ల తేడా ఉంటుంది. ఆ మొదటి అదురు మనకు తెలియకపోయినా రాజుగాడికి తెలిసి ఉండొచ్చు. కానీ అప్పటికే అక్కడ భూమి కదిలిపోయింది, ఇక ముందే చెప్పిందేముంది? ఇక అమ్మగారి సంగతి. నిద్ర పట్టకపోయినా ఏమీ జరగని రాత్రులు ఎవరి లెక్కలో ఉన్నాయి?

మామిడితోట:
సీతయ్యగారూ, పది సెకన్లతో తేల్చేస్తే ఎలాగండీ? చైనాలో 1975 ఫిబ్రవరి 4న హైచెంగ్ భూకంపానికి ముందు, గడ్డకట్టే చలిలో పాములు పుట్టల్లోంచి బయటికొచ్చాయి. జనాన్ని ఇళ్లలోంచి పంపేశారు, సాయంత్రం 7.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఇటలీలో 2009లో లాక్విలా భూకంపానికి ఐదు రోజుల ముందు, జతకట్టే కాలంలో, ఒక చెరువులో 96 శాతం మగ కప్పలు మాయమయ్యాయి.

సందేహాల సీతయ్య:
హైచెంగ్‌లో పాముల కంటే గట్టిగా చెప్పింది, ముందు రోజు నుంచి వరసగా వచ్చిన చిన్న ప్రకంపనలండీ. మరుసటి ఏడాది జులై 28న చైనాలోనే తాంగ్షాన్‌లో వచ్చిన భూకంపానికి ముందు అలాంటివి రాలేదు, జనాన్ని కదిలించలేదు. సర్కారు లెక్కలోనే 2,42,000 మంది పోయారు. పాములూ కోళ్లూ అక్కడా ఉన్నాయి. కప్పలదంటారా, ఒక్క చెరువు, ఒక్క భూకంపం. అదీ 74 కిలోమీటర్ల దూరంలో.

ఫ్రీమాంట్ బావ:
మా కాలిఫోర్నియాలో జిమ్ బెర్క్‌లాండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త పేపర్లో 'మా పిల్లి తప్పిపోయింది' ప్రకటనలు లెక్కపెట్టి జోస్యాలు చెప్పేవాడు. 1989 అక్టోబర్‌లో లోమా ప్రియేటా భూకంపం నిజంగానే వచ్చేసరికి ఆయనకు ఎక్కడలేని పేరొచ్చింది. తప్పిపోయిన జంతువుల ప్రకటనలనూ భూకంపాలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు మాత్రం పొంతన దొరకలేదు. వాన పడినా పిల్లులు తప్పిపోతాయి మరి.

మామిడితోట:
జర్మనీలోని మాక్స్ ప్లాంక్ పరిశోధన సంస్థ వాళ్లు ఇటలీలో ఒక పొలంలో ఆవులకు, గొర్రెలకు, కుక్కలకు సెన్సర్లు కట్టారు. భూకంపానికి 20 గంటల ముందు నుంచే కొట్టంలో పశువుల అలజడి పెరిగిందన్నారు. ఒక్క పొలమే, ఒప్పుకుంటా. కానీ కొట్టిపారేసే ముందు ఇంకో పది పొలాల్లో చూడాలిగా.

ఓరుగల్లు చిన్నోడు:
సీతయ్యన్నా, కాసేపంటే ఎంతో నిజంగా గుర్తులేదు. అందుకే మొన్నటి నుంచి రాజుగాడు ఊరికే అరిచినప్పుడల్లా క్యాలెండర్ మీద గీత పెడుతున్నా. మూడు రోజులకు పదకొండు గీతలయ్యాయి, గ్లాసు ఒక్కటీ కదల్లేదు. అమ్మ మాత్రం ఆ రోజు అరుపే వేరంటోంది.