సమస్యాపూరణం: "నిప్పు రగులుచుండ నీరు పుట్టె"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

నిప్పు రగులుచుండ నీరు పుట్టె

యజ్ఞగుండాలు, విరహం, కన్నీళ్లు వద్దు, అవి చాలా చూశాం. ఒంట్లోని కొవ్వు మీదే రాయాలి: దాగడం, ప్రయాణం, దహనం, ఏదైనా సరే. విషయం తప్పితే పద్యం ఎంత బాగున్నా ఊరుకోను.

గోదారిగట్టు:
మొదటిసారి రాస్తున్నాను గురువుగారూ.

ఆ.వె. గారెలోని నూనె కాలేయమును చేరి
పైత్యరసము తోడ కరిగిపోయి
కండలందు చేరి కాలుచు వెలుగుచు
నిప్పు రగులుచుండ నీరు పుట్టె.

నిర్వాహకుడు:
నడక బాగుంది. రెండో పాదంలో యతి తప్పింది. 'పై'కి 'క' కుదరదు. ఇక విషయం. గారె నూనె పేగు నుంచి నేరుగా కాలేయానికి పోదు. పేగు కణాల్లో కైలోమైక్రాన్లుగా, అంటే సన్నటి కొవ్వు బొట్లుగా మారి, లింఫు నాళాల్లో (నెత్తురు నాళాలు కాదు, వేరే ద్రవం పారే కాల్వలు) పైకి పాకి, మెడ అడుగున ఎడమవైపు సిరలో నెత్తురుతో కలుస్తుంది. సవరణ: "గారె నూనె లింఫు కాల్వలో పయనించె / పైత్యరసము తోడ పలుచనయ్యి".

జిమ్‌రాజా:
ఆ.వె. జిమ్ముకేగి యురికి చెమటలు కార్చగా
కొవ్వు కరిగి పారె, గుబులు తీరె
ఒంటిలోని మంట యొక్కసారిగ లేచి
నిప్పు రగులుచుండ నీరు పుట్టె.

బయాలజీ టీచరమ్మ:
ఛందస్సు శుభ్రంగా ఉంది తమ్ముడూ, నాకు అభ్యంతరం చెమట దగ్గరే. చెమట అంటే ఒంటిని చల్లబరచడానికి నెత్తురు నుంచి వచ్చిన ఉప్పునీరు, కరిగిన కొవ్వు కాదు. 10 కిలోల కొవ్వు పూర్తిగా మండాలంటే సుమారు 29 కిలోల ఆక్సిజన్ కావాలి. మండాక 28 కిలోల కార్బన్ డయాక్సైడు, 11 కిలోల నీరు వస్తాయి. ఆ 10 కిలోల్లో 8.4 కిలోలు ఊపిరితోనే పోతాయి, మిగిలిన 1.6 నీటిలో కలుస్తుంది. అంటే సన్నబడ్డవాడు తన కొవ్వులో ఎక్కువ భాగాన్ని ముక్కుతో వదిలేశాడన్నమాట!

జిమ్‌రాజా:
మా ట్రైనర్ ఇది వింటే ఏసీ ఆపడం మానేస్తాడు. ఇలా మారిస్తే?
"కొవ్వు ముక్కుదారి గూడు వీడె"

నిర్వాహకుడు:
భేష్! యతి కుదిరింది, నిజమూ కుదిరింది. ఈ వారం నాకు బాగా నచ్చిన పాదం ఇదే.

దుబాయ్‌బాటసారి:
ఆ.వె. ఒంటె మూపురమున నుండు కొవ్వు కరుగ
మండుటెండలోన మైళ్లు నడువ
కణము కణములోన గాలితో గూడిన
నిప్పు రగులుచుండ నీరు పుట్టె.

నిర్వాహకుడు:
సమస్యకు ఇంతకన్నా సూటి దారి లేదు. 100 గ్రాముల కొవ్వు మండితే 100 గ్రాములకు పైనే నీరు పుడుతుంది.

బయాలజీ టీచరమ్మ:
పుట్టిన మాట నిజమే, ఒంటెకు మిగిలేది అనుమానమే. అంత ఆక్సిజన్ కోసం ఎడారి పొడిగాలి పీల్చి వదిలితే ఊపిరితో పోయే తేమా తక్కువేం కాదు. మూపురం తిండి నిల్వ. గ్రాము కొవ్వులో 9 కిలోకేలరీలు, పిండిపదార్థంలో 4. పైగా ఆ పిండిపదార్థాన్ని ఒంట్లో గ్లైకోజెన్‌గా దాచుకుంటే గ్రాముకు దాదాపు 3 గ్రాముల నీరు కూడా మోయాలి. పద్యం మాత్రం మార్చొద్దు, ఎక్కడా అబద్ధం లేదు.
నా పూరణ:

ఆ.వె. కార్నిటీను పడవ గట్టు దాటిన కొవ్వు
మైటొకాండ్రియాల మంట జేరె
జంట కర్బనములు జారిపోవగ నంత
నిప్పు రగులుచుండ నీరు పుట్టె.

గోదారిగట్టు:
జంట కర్బనాలేమిటండీ?

బయాలజీ టీచరమ్మ:
కొవ్వులోని పొడవాటి కార్బన్ గొలుసే కొవ్వు ఆమ్లం. దాన్ని కణంలోని శక్తి పొయ్యి అయిన మైటోకాండ్రియాలోకి దాటించే పదార్థం కార్నిటీన్, అదే నా పడవ. లోపలికి చేరాక ఆ గొలుసు చివరి నుంచి ప్రతిసారీ రెండు కార్బన్లు తెగుతాయి. 1904లో జర్మనీలో ఫ్రాంజ్ నూప్ కుక్కల మీద ప్రయోగాలు చేసి దీన్ని పట్టుకున్నాడు. పామిటిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లంలో 16 కార్బన్లు. 7 సార్లు తెగితే 8 ముక్కలు.

నిర్వాహకుడు:
ఇప్పుడు మీ వంతు టీచరమ్మా! తెగే చోట నీరు పుట్టదు, పైగా ఒక్కో కోతకు ఒక నీటి అణువు ఖర్చవుతుంది. నీరు పుట్టేది తర్వాత, మైటోకాండ్రియా లోపలి పొర దగ్గర హైడ్రోజన్ ఆక్సిజన్‌ను కలిసినప్పుడు. 'అంత', అంటే 'ఆ తర్వాత', అన్నారు కాబట్టి వదిలేస్తున్నాను.

వచ్చే వారం సమస్య, ఇదీ ఆటవెలదే:

వండినట్టి వాడె పస్తులుండె

ఉపవాసంలో కాలేయం కొవ్వు నుంచి కీటోన్లు అనే ఇంధనం చేసి మెదడుకు, గుండెకు పంపుతుంది. వాటిని వాడుకునే ఎంజైము దానికి మాత్రం లేదు. పెళ్లి వంటవాళ్ల మీద రాసినా తీసుకుంటాను.