వరి ఆకు మీద మందు చుక్క నిలవడం లేదు – మీ అనుభవం చెప్పండి

కోవూరు రైతుబిడ్డ
అందరికీ నమస్కారం. మాది కోవూరు దగ్గర. నాలుగెకరాల వరి, నాట్లు వేసి నలభై రోజులైంది. ఆకుల మీద మచ్చలు కనబడితే నిన్న పొద్దున్నే మందు కొట్టాను. కొడుతున్నంతసేపూ ఆకునే చూస్తూ ఉన్నా. నాజిల్ నుంచి వచ్చిన చుక్క ఆకు మీద పడుతుంది, గోళీలాగా గుండ్రంగా అవుతుంది, జర్రున జారి కింద మడి నీళ్ళలో పడిపోతుంది. పది అడుగులు నడిచి వెనక్కి తిరిగి చూస్తే ఆకు పొడిగానే ఉంది. పద్నాలుగు ట్యాంకులు కొట్టాను, అందులో పైరుకు దక్కింది ఎంతో తెలియదు. మా నాన్న "వరికి ఎప్పుడూ అంతే రా" అంటాడు. పక్క మడి బాబాయ్ సర్ఫ్ పొడి కలపమంటాడు. దుకాణంలో చుక్క ఆకు మీద పాకడానికి ట్యాంకులో కలిపే సిలికాన్ మందు అని ఒక చిన్న సీసా చూపించారు. ఇంకా రెండెకరాలు కొట్టాలి. సొంతంగా వాడి చూసినవాళ్ళు చెబితే మేలు చేసినవాళ్ళవుతారు.

కొండపి బ్యారన్
తమ్ముడూ, పొగాకుకు ఈ బాధే లేదు. మా ఆకు నిండా సన్నటి నూగు ఉంటుంది, దాని కొసన జిగురు. చేలో పది నిమిషాలు తిరిగితే చేతులకు నల్లటి బంక పడుతుంది, అందరికీ తెలిసిందే. మందు చుక్క పడితే ఆ నూగులోనే చిక్కుకుంటుంది. లద్దెపురుగుకు కొట్టినప్పుడు గమ్ము (మందు ఆకుకు అంటుకోవడానికి కలిపేది) కలపకపోయినా నిలిచింది. అదే ట్యాంకుతో మా వరి మడిలో కొడితే నువ్వు చెప్పినట్టే అంతా జారిపోయింది. కాబట్టి ఒక పైరులో పనికొచ్చిన పద్ధతి ఇంకో పైరుకు పనికొస్తుందని అనుకోవద్దు.

ఫిజిక్స్ మాస్టారు, ఒంగోలు
కోవూరు అబ్బాయ్, మీరు చూసింది అక్షరాలా నిజం. మందులో లోపం లేదు, నాజిల్‌లోనూ లేదు. ఆ ఆకు తీరే అది.

బొట్టు అంచు దగ్గర మూడు లాగుళ్ళు ఉంటాయి. నీటికీ గాలికీ మధ్య ఒకటి, ఆకుకూ గాలికీ మధ్య ఒకటి, ఆకుకూ నీటికీ మధ్య ఒకటి. మూడూ సరితూగిన చోట అంచు ఆగుతుంది. అక్కడ ఆకుతో బొట్టు చేసే కోణమే స్పర్శకోణం. ఈ సంగతి 1805లోనే థామస్ యంగ్ రాశాడు. కోణం 90 డిగ్రీల కంటే తక్కువైతే బొట్టు పరుచుకుంటుంది, ఎక్కువైతే ముడుచుకుంటుంది. 150 దాటితే ఇక ముత్యమే. తామరాకు, చేమాకు, వరి ఆకు ఆ జాతివి.

ఆకు మీద మైనం ఉంది కాబట్టి అని చాలామంది అంటారు. అది సగం నిజమే. నున్నటి మైనం మీద నీటి కోణం సుమారు 110 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మిగతా పని గరుకుతనం చేస్తుంది. వరి ఆకు మీద కంటికి కనపడనంత చిన్న బొడిపెలు, వాటి మీద ఇంకా సన్నటి మైనపు పొలుసులు ఉంటాయి. ఆ సందుల్లో గాలి ఇరుక్కుంటుంది. బొట్టు బొడిపెల కొసల మీద, ఆ గాలి మీద కూర్చుంటుంది. అంటే మీ మందు చుక్క ఆకును తాకిందే చాలా తక్కువ. ఇలా గాలి మీద కూర్చునే బొట్టు లెక్కను కాసీ, బ్యాక్స్టర్ 1944లో ఇచ్చారు. తామరాకు ఎందుకు ఎప్పుడూ శుభ్రంగా ఉంటుందో జర్మనీలో బార్త్‌లాట్, నైన్‌హుయిస్ 1997లో వివరంగా చూపించారు. జారే బొట్టే దుమ్మును మోసుకుపోతుంది. మన పెద్దవాళ్ళు ఏ బంధమూ అంటని మనిషిని తామరాకు మీద నీటిబొట్టు అన్నది ఊరికే కాదు.

వరిలో ఇంకో విశేషం ఉంది. ఆ బొడిపెలు ఆకు పొడవునా వరసలు కట్టి ఉంటాయి. అందుకే బొట్టు ఆకు పొడవునా సులువుగా దొర్లుతుంది, అడ్డంగా అంత సులువుగా దొర్లదు. రేపు పొద్దున మంచు పడినప్పుడు ఒక ఆకును మెల్లగా వంచి చూడండి.

నాగులుప్పలపాడు శనగ
మంచు మాట వచ్చింది కాబట్టి మా శనగ చేను సంగతి చెబుతాను. తెల్లవారుజామున వెళితే ప్రతి ఆకు నూగు కొసనా సన్నటి చుక్కలు వేలాడుతూ ఉంటాయి, జారవు. అవి వట్టి మంచు నీళ్ళు కావు, పులుపు. శనగ ఆకు నూగు నుంచి మాలిక్, ఆక్సాలిక్ ఆమ్లాలు ఊరతాయి. మా నాయనమ్మ పల్చటి గుడ్డ చేను మీద ఈడ్చి, తడిసిన గుడ్డను పిండి ఆ పులుసు సీసాలో పట్టేది, కడుపునొప్పికి ఇచ్చేది. ఆ చేలో తిరిగితే కాళ్ళు మండుతాయి. ఒకే పొద్దున, ఒకే మంచు. వరి మీదైతే దొర్లిపోతుంది, శనగ మీదైతే పట్టుకుని వేలాడుతుంది.

కోవూరు రైతుబిడ్డ
మాస్టారూ, చాలా బాగా అర్థమైంది. ఒక్క సందేహం. మా ఇంటి కిటికీ అద్దం మీద వాన చుక్కలు నిలువుగా ఉన్నా జారవు, కొన్ని మాత్రం ఉన్నట్టుండి కిందికి పరిగెడతాయి. మరి అద్దానికి నూగు లేదు కదా?

ఫిజిక్స్ మాస్టారు, ఒంగోలు
మంచి ప్రశ్న. అద్దం మీద ఉన్న బొట్టును పక్కనుంచి చూడండి. కింద వైపు ఉబ్బి ఉంటుంది, పై వైపు పల్చబడి ఉంటుంది. అంటే కింది అంచు కోణం ఎక్కువ, పై అంచు కోణం తక్కువ. అద్దం మీద ఉండే మరకలు, సన్నటి గీతలు అంచును పట్టి ఉంచుతాయి. రెండు కోణాల మధ్య తేడా ఎంత పెరగగలిగితే బొట్టుకు అంత పట్టు. ఆ పట్టు బొట్టు వెడల్పును బట్టి పెరుగుతుంది, బరువు మాత్రం వెడల్పుకు మూడో ఘాతంలో పెరుగుతుంది. అందుకే చిన్న చుక్కలు నిలుస్తాయి. రెండు మూడు కలిసి పెద్దదైతే బరువు గెలిచి ఒక్కసారిగా జారుతుంది, దారిలో ఉన్నవాటినీ కలుపుకుపోతుంది.

ఈ లెక్కను 1962లో ఫర్మిడ్జ్ అనే ఆయన రాసిన వ్యాసం ఇప్పటికీ అందరూ చదువుతారు. ఆయన రాసింది దేని గురించో తెలుసా? పైరు మీద కొట్టిన మందు ఎంత నిలుస్తుందనే దాని గురించే! మీరు మడిలో అడిగిన ప్రశ్ననే ఆయన ప్రయోగశాలలో అడిగాడు.

వరి ఆకు మీద రెండు కోణాలకూ తేడా చాలా తక్కువ, కాబట్టి పట్టే లేదు. పైగా ఆకు నిటారుగా ఉంటుంది. అది చాలదన్నట్టు, వేగంగా వచ్చిన పెద్ద చుక్క ఆకుకు తగిలి చపాతీలా పరుచుకుని, మళ్ళీ ముడుచుకుని ఎగిరిపోతుంది. ఇదంతా సెకనులో వందో వంతు సమయంలో అయిపోతుంది. కంటికి జారినట్టే కనబడుతుంది, చాలా చుక్కలు నిజానికి ఎగిరిపోతాయి.

పొదలకూరు నిమ్మతోట
సిలికాన్ సీసా గురించి నేను చెబుతాను, దెబ్బ తిన్నవాణ్ణి కాబట్టి. మాకు ఎనిమిదెకరాల నిమ్మ. రెండేళ్ళ క్రితం గజ్జి తెగులుకు కొడుతూ, బాగా పాకాలని మోతాదుకు రెట్టింపు పోశాను. మందు చుక్క పడగానే నూనె చుక్కలాగా ఆకంతా పాకింది. చూసి ఎంతో సంతోషపడ్డాను. తర్వాత చూస్తే ఆకు కొసల నుంచి టపటపా కారిపోతోంది. ఆకు మీద మిగిలింది పల్చటి పొర మాత్రమే, మందంతా పాదులో ఉంది. వారానికి లేత ఆకుల అంచులు మాడాయి. దుకాణం వాళ్ళు మోతాదు గురించి ఒక్క మాట చెప్పలేదు, నేనూ సీసా వెనక చదవలేదు. ఆ సీజన్ కాపు మీద నాకు చాలా టెన్షన్ పట్టుకుంది.

తర్వాత తెలుసుకున్నది ఇది. నీటి తలతన్యత, అంటే చుక్కను ముడిచి ఉంచే పైపొర బిగువు, మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. మామూలు గమ్ము దాన్ని సుమారు 30కి దించుతుంది, సిలికాన్ రకం 20–22కి దించుతుంది. అంత తక్కువైతే నీళ్ళు ఆకు రంధ్రాల్లోకి కూడా దిగగలవు. నిమ్మకు ఆ రంధ్రాలు ఎక్కువగా ఆకు అడుగునే ఉంటాయి. గజ్జి తెగులు క్రిమి లోపలికి పోయేదీ ఆ రంధ్రాల గుండానే, దెబ్బ తగిలిన చోట్ల గుండానే. వాన చినుకు చిట్లి ఆకు నుంచి ఆకుకు దాన్ని మోస్తుంది. అందుకని నేనిప్పుడు నిమ్మకు మామూలు గమ్ము మాత్రమే, సీసా మీద రాసినంతే వాడుతున్నాను. వరికి సిలికాన్ పనికిరాదని నేను అనను. వరి ఆకు తడవాలంటే తలతన్యత బాగా దిగాల్సిందే. కానీ కొలత తప్పవద్దు.

కొండపి బ్యారన్
సర్ఫ్ పొడి మాత్రం వద్దు తమ్ముడూ. మా అన్న ఒకసారి కలిపాడు. అందులో సోడా ఉంటుంది. క్షారం నీళ్ళల్లో కొన్ని పురుగు మందులు గంటల్లోనే విరిగిపోతాయి. ఇంక బట్టల సబ్బు చిదిపి వేసేవాళ్ళూ ఉన్నారు. మా బోరు నీళ్ళు ఉప్పదనం, గట్టి నీళ్ళు. సబ్బు అందులోని కాల్షియంతో కలిసి తెల్లటి తరక కట్టి నాజిల్ మూసుకుపోయింది. సగం పొద్దు నాజిల్ కడుక్కోవడానికే సరిపోయింది.

చీమకుర్తి రాయి
నేను వ్యవసాయం చేసేవాణ్ణి కాదు, గ్రానైట్ పాలిష్ పనిలో ఉన్నాను. కానీ ఈ చర్చ మా పనికి బాగా దగ్గర. గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ పలక పాలిష్ అయ్యాక మేము నీటి చుక్క వేసి చూస్తాం. శుభ్రమైన రాయి మీద చుక్క బిళ్ళలాగా పరుచుకుంటుంది. చుక్క గుండ్రంగా నిలిస్తే దాని మీద మైనమో నూనో ఉన్నట్టు. అతుకు వేసేముందు ఇది చూడకపోతే జిగురు కూడా ఇలాగే పట్టకుండా ముడుచుకుంటుంది, నెలకే అతుకు ఊడుతుంది.

ఇంకో సంగతి. గట్టి నీటి చుక్క పలక మీద ఆరితే తెల్లటి ఉంగరం మిగులుతుంది, మధ్యలో ఏమీ ఉండదు. ఎందుకో మాస్టారు చెప్పాలి.

ఫిజిక్స్ మాస్టారు, ఒంగోలు
కాఫీ ఒలికి ఆరినప్పుడు చూసే ఉంగరం కూడా అదే. అంచు రాయికి పట్టుకుని కదలదు. అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలో నీరు అంచుకు పారుతుంది, తనలోని పొడినీ ఉప్పునూ మోసుకెళ్ళి అక్కడ వదులుతుంది. 1997లో డీగన్, ఆయన తోటివాళ్ళు దీన్ని తేల్చారు. ఆకు మీద పొడి మందు ఆరినప్పుడు చుట్టూ తెల్లగా, మధ్యలో ఖాళీగా కనిపించేది కూడా ఇదే.

బుచ్చి వంటిల్లు
మా ఇంట్లో దోశ పెనం మీద రోజూ చూసేది ఒకటి రాస్తున్నాను. నీళ్ళు చిలకరిస్తే చుయ్‌మని పాకి ఆరిపోతే పెనం సరిగ్గా కాలినట్టు. చుక్కలు ముత్యాల్లా పెనమంతా పరిగెడుతూ ఎంతకీ ఆరకపోతే మరీ కాలిపోయినట్టు. అప్పుడు పిండి పోస్తే అంటుకోకుండా గరిటెతో పాటే లేచి వస్తుంది, దోశ పరచలేం. ఉల్లిపాయ ముక్కతో తడి నూనె రాసి మంట తగ్గిస్తాను. మా అమ్మాయి కాలేజీలో చదివి వచ్చి చెప్పింది, అక్కడ చుక్క తన ఆవిరి మీదే తేలుతుందట, 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే డాక్టరు రాశాడట. వరి ఆకు మీద గాలి, పెనం మీద ఆవిరి!

అల్లూరు మడి
వరి ఆకు మీది ఆ గాలిని తిట్టుకోకండి. తుపాను వానకు మా పైరు మూడు రోజులు మునిగింది. నీళ్ళలోకి చూస్తే ఆకులు వెండి తొడిగినట్టు మెరుస్తున్నాయి. అది ఆకుకు అంటుకుని ఉన్న గాలి పొర. దాని గుండానే మునిగిన ఆకు ఊపిరి పీలుస్తుంది. సబ్బులాంటి మందుతో ఆ పొరను తీసేస్తే నీళ్ళ కింద ఆకు పని బాగా తగ్గిపోతుందని శాస్త్రవేత్తలు పరీక్షించి చూపించారు. కొద్ది రోజులకు ఆ పొర దానంతట అదే పోతుంది, ఆ లోపు నీళ్ళు తీస్తే పైరు బతుకుతుంది. మాది బతికింది. అందుకే వాయుగుండం హెచ్చరిక ఉన్న వారంలో గమ్ము కలిపి కొట్టడం నేను మానేశాను.

సుడిదోమ అనే రసం పీల్చే పురుగుకైతే సంగతి వేరు. అది దుబ్బు మొదట్లో ఉంటుంది. ప్రతి రెండు మీటర్లకు ఇరవై సెంటీమీటర్ల పాయ తీసి, నాజిల్ కిందికి పెట్టి దుబ్బు మొదలును తడపాలి. ఆకు మీద నిలవడం అక్కడ లెక్కలోకి రాదు.

పొదలకూరు నిమ్మతోట
చుక్క సైజు గురించి ఎవరూ చెప్పలేదు. అరిగిపోయిన నాజిల్ మార్చండి. చుక్క వెడల్పు సగమైతే అదే నీటితో ఎనిమిది చుక్కలు వస్తాయి. చిన్న చుక్క ఎగిరిపోవడం కూడా తక్కువ. మరీ పొగలా చేస్తే గాలికి పక్క చేనుకు పోతుంది. మంచు ఆరాక, గాలి లేవకముందు కొట్టండి. మంచు చుక్కలతో కలిస్తే మందు చుక్క పెద్దదై జారిపోతుంది.

కోవూరు రైతుబిడ్డ
మీరందరూ చెప్పాక ఈ పొద్దున పరీక్ష చేశాను. చేతికి తొడుగు వేసుకుని, ఆరు ఆకులు కోసి పలక మీద టేపుతో అంటించాను. ఇంకుఫిల్లర్‌తో ఒక్కొక్క చుక్క. వట్టి నీళ్ళు గుండ్రంగా నిలిచాయి, పలక కాస్త వంచగానే పోయాయి. మందు కలిపిన నీళ్ళూ దాదాపు అంతే. మామూలు గమ్ముతో చుక్క సగం గోళీలా కూర్చుంది, పలక నిలువుగా పెట్టినా జారలేదు. సిలికాన్ సీసా మీద రాసినంతే కలిపితే రెండు సెకన్లలో చిటికెన వేలు గోరంత పాకింది. రెట్టింపు కలిపితే ఆకు దాటి పలక మీదికి కారింది, పొదలకూరు అన్న చెప్పినట్టే. ఫోన్ పలకకు సమానంగా పెట్టి ఫోటోలు తీశాను, బొట్టు అంచు కోణం స్పష్టంగా కనబడుతోంది. మా నాన్న కూడా వచ్చి వంగి చూశాడు, ఇంకో చుక్క వేయమన్నాడు.

అన్న మాట ప్రకారం ముందు మామూలు గమ్ముతో ఒక ఎకరం, సిలికాన్ సరైన మోతాదుతో ఇంకో ఎకరం కొడతాను. నాజిల్ కొత్తది తెచ్చాను. ఆదివారం మంచు ఆరాక మొదలుపెడతా. వారం తర్వాత రెండు మడుల ఆకుల ఫోటోలు ఇక్కడే పెడతాను. మాస్టారూ, ఆ కోణం ఫోటో మీద ఎలా కొలవాలో కాస్త చెప్పగలరా?